అవ్వ ఎక్కని కారు

“నేను కారెక్క. బాపును తీస్కపో. నేను బస్సుల వస్త.”

శంకరవ్వ ఆ మాట అనడం ఇది మొదటిసారి కాదు. జైనూర్ సర్కారు దవాఖాన వరండాలో, చుట్టూ ఉన్నవాళ్లు రెక్క పట్టుకొని లాక్కుపోతారేమోనన్నట్టు, స్తంభాన్ని ఒక చేత్తో చుట్టుకొని నిలబడ్డది.

ఎదురుగా కొడుకు నరేశ్. పొద్దున ఫోను అందుకున్నప్పుడు ఎట్లా ఉన్నాడో అట్లాగే కరీంనగర్ నుంచి బయలుదేరి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. నుదుటి మీద నిరుటి దెబ్బ గుర్తు చెమటకు మెరుస్తున్నది.

“బాపు గిట్ల పడి ఉంటే నీకు బస్సు కావాల్నా అవ్వా? గా లోపల పండుకున్నది ఎవలనుకుంటున్నవ్?”

“నేను బాపును తీస్కపోవద్దంటలేను. జల్దీ తీస్కపో. నన్ను పిలవకు అంటున్న.”

“ఎందుకు పిలవద్దు?”

“నాకు మొక్కున్నది. నీకెరికే గదా.”

“మొక్కు! ఎప్పుడడిగినా మొక్కే. పక్షం దాటింది నువ్వు ఇల్లిడిచి. మన గల్లీల ఏమంటున్నరో ఎరికేనా? నరేశ్ ఊరోళ్లందర్నీ కార్ల తిప్పుతడు, వాని అవ్వబాపులు ఎర్రబస్సుల రాడ్డు వట్టుకొని తిరుగుతరు, అంటున్నరు. నేను మొకం ఏడ పెట్టుకోవాలె?”

శంకరవ్వ చూపు కొడుకు ముఖం మీద లేదు. దవాఖాన గేటు అవతల రోడ్డు మీద ఉన్నది. అక్కడ రావిచెట్టు కింద బస్సు కోసం నలుగురు ఆదివాసీ స్త్రీలు బుట్టలు పెట్టుకొని కూర్చున్నారు.

లోపలి నుంచి డాక్టర్ కరుణాకర్ వచ్చాడు. చిన్న వయసు వాడు. పెద్దవాళ్ల గొడవలో దూరడానికి మొహమాటపడుతూనే గొంతు సవరించుకున్నాడు.

“పెద్దమ్మా, మాటలకు టైం లేదు. డెంగీ లాగా కనిపిస్తున్నది. రక్తంలో కణాలు పడిపోతున్నయి. చీకటి పడేలోపు ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు చేరాలె. మా అంబులెన్స్ కాన్పు కేసు తీసుకొని పోయింది, ఎప్పుడు వస్తదో చెప్పలేను. మీ అదృష్టం కొద్దీ మీ అబ్బాయి కారు తెచ్చిండు. ఇంక ఆలోచన ఎందుకు?”

“ఆలోచన లేదు సారూ. ఆయన్ను పంపున్రి.”

అప్పుడు లోపలి నుంచి దేవదాస్ గొంతు వినబడింది. జీవితమంతా సిరిసిల్లలో సాంచాల మధ్య, ఆ మరమగ్గాల చప్పుడులో పనిచేసినవాడు. చెవులు మందగించాయి కాబట్టి జ్వరంలో కూడా ఆయన మాట్లాడితే కేకేసినట్టే ఉంటుంది.

“ఆమె లేంది నేను ఏడికీ పోను!”

వరండాలో ఉన్న నర్సు నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నది. నరేశ్ మాత్రం పళ్లు కొరుక్కుంటూ లోపలికి నడిచాడు.

దేవదాస్ మంచం మీద లేచి కూర్చునే ప్రయత్నంలో ఉన్నాడు. ఒక చేతికి సెలైన్ గొట్టం. కళ్లు ఎర్రగా, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. దిండు పక్కన చేతిసంచీ, అందులోంచి నిర్మల్‌లో కొన్న కొయ్య సీతాఫలం తొంగి చూస్తున్నది. మనవరాలు పుడితే ఆడుకుంటుందని కొన్నాడు. మనవరాలి జాడ ఇంకా లేదు.

“బాపూ, లే. పోదాం.”

“మీ అవ్వ ఏది?”

“ఆమె రాదట. వెనుక బస్సుల వస్తదట.”

“అయితే నేను కూడా వెనుక బస్సుల్నే వస్త.”

“బాపూ! నీకు జ్వరమచ్చింది. ప్రాణం మీదికి వచ్చింది!”

“వస్తె రానీయ్. కండక్టర్‌కు చెప్తే సీటిస్తడు. నిర్మల్ కాడ ఎక్కినప్పుడు ఒకాయన లేచి మరీ సీటిచ్చిండు. మస్తు మంచోళ్లున్నరు బస్సులల్ల.”

నరేశ్ తండ్రి భుజం కింద చెయ్యి వేసి లేపబోయాడు. ముసలివాడు ఆ చేతిని పక్కకు నెట్టాడు. బలం లేని నెట్టుడే, కాని నరేశ్ వెనక్కు జరిగాడు.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ శంకరవ్వ అదంతా చూసింది. ఆమె కళ్లు నిండాయి. అయినా లోపలికి రాలేదు.

“ఏందయ్యా నీ పట్టు?” అన్నది. “నేను రాకుంటే ఏమైతది? కొడుకున్నడు గదా పక్కకు. మొక్కు తప్పితే వీని నెత్తి మీదికి వస్తది. గది నీకెరికే.”

దేవదాస్ ఆమెను చాలాసేపు చూశాడు. జ్వరంలో చూపు ఒకచోట నిలవదు. ఆయన చూపు నిలిచింది.

“ఏ మొక్కు?”

“ఏ మొక్కేంది? నిరుడు కల్వర్టు కాడ మొక్కింది.”

ఆ మొక్కు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నిరుడు ఎండాకాలం, పెళ్లిళ్ల కిరాయిలకు కన్ను మూయకుండా తిరిగి తిరిగి, తెల్లవారుతుండగా జగిత్యాల తొవ్వలో నరేశ్ కారును కల్వర్టుకు కొట్టాడు. వెనుక సీట్లో శంకరవ్వ ఉన్నది. ఆమెకు గీత కూడా పడలేదు. కొడుకు స్టీరింగు మీద వాలిపోయి ఉంటే, ఆమె రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చొని, కొంగు చింపి, రూపాయి బిళ్ల కట్టి మొక్కింది. నా కొడుకు లేచి తిరిగితే ఐదుగురు దేవుళ్ల దగ్గరికి పదిమందితో పాటు బస్సుల్లోనే వస్త, అప్పటిదాక వాని కారు ఎక్కను అని.

“ఐదుగురు దేవుళ్లు,” అన్నాడు దేవదాస్. “ఏములాడ రాజన్న. నాంపల్లి గుట్ట నర్సన్న. కొండగట్టు అంజన్న. ధర్మపురి. బాసర. అయిపోలేదా? బాసరల అమ్మవారి ముందట ముడుపు విప్పి హుండీల ఏసినవ్ గదనే. నేను పక్కకే నిలవడ్డ. గా రూపాయి టంగుమని పడ్డది, నా చెవులకు కూడా ఇనవడ్డది.”

నరేశ్ అవ్వ దిక్కు తిరిగాడు.

వాళ్ల వెనుకే లోపలికి వచ్చిన డాక్టర్ మెల్లగా బయటికి వెళ్లిపోయాడు.

“బాసరల అయిపోయిందా?” నరేశ్ గొంతు చిన్నదైంది. “మరి నిర్మల్‌కెల్లి ఫోన్ జేసినప్పుడు ఏమన్నవ్? ఇంకా మొక్కున్నది, ఇంకా దేవుళ్లున్నరు అన్నవ్. ఆదిలాబాద్‌కు వస్త, కార్ల తీస్కపోత అంటే వద్దంటె వద్దన్నవ్. అంతా అబద్ధమేనా?”

“అన్నీ అబద్ధం గాదు. జైనథ్‌ల దేవుడున్నడు. పోయినం.”

“మొక్కినవా ఆ దేవునికి?”

శంకరవ్వ గుమ్మం చెక్కను గోరుతో గీకుతున్నది.

“నా దిక్కు చూసి చెప్పు అవ్వా. మొక్కు లేదు. మరెందుకు ఎక్కవ్?”

“ఎందుకో ఒకందుకు. ఇగ పో. బాపుకు ఆలస్యమైతుంది.”

“చెప్పేదాక పోను. మీరిద్దరే మొండోళ్లు అనుకున్నరా? నేను మీకే పుట్టిన.”

“నరేశ్...”

“చెప్పు.”

“భయమైతది బిడ్డా.”

“దేనికి? కారుకా? దానికి కొత్త బ్రేకులు ఏపిచ్చిన. కొత్త టైర్లు ఏపిచ్చిన. ఏం భయం?”

“కారుకు గాదు.” ఆమె తల ఎత్తలేదు. “నువ్వు తోల్తుంటే భయం. నీ చేతికి భయం. నీ వెనుక కూసుంటే నీ మెడనే చూస్త. ఎప్పుడు వాల్తదో అని. నాతోని అయితలేదు బిడ్డా.”

బయట ఎక్కడో ఆటో హారన్ మోగి ఆగింది. సెలైన్ చుక్కలు ఒకదాని వెంట ఒకటి పడుతూనే ఉన్నాయి.

కన్నకొడుకు చేతిని చూసి భయపడడం తప్పా? భయమున్నదని చెప్పలేక దేవుడి పేరు చెప్పడం తప్పా? రెండూ తప్పేనని కొందరంటారు. రెండో దానికి దేవుడికి కోపం వస్తుందో, లేక ఆయన ఏళ్ల తరబడి ఇట్లాంటి ఎన్నో మాటలు తన మీద వేసుకొని అలవాటు పడ్డాడో, శంకరవ్వకు తెలియదు. ఆ సందేహంతోనే ఆమె జైనథ్ గుడిలో కళ్లు తెరిచి దండం పెట్టుకున్నది.

నరేశ్ బయటికి వచ్చి వరండా మెట్టు మీద కూలబడ్డాడు. రెండు చేతులూ మోకాళ్ల నడుమ ఇరికించుకున్నాడు.

అదే సమయంలో గేటు దగ్గరి నుంచి కావ్య వచ్చింది. నరేశ్ భార్య. కాళ్లకు చెప్పులు లేవు, చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని ఉన్నాయి. చేతిలో కారు తాళంచెవి ఆడుతున్నది.

“ఆడ మలిపేటానికి జాగ లేదు. బజారు దాక పోయి మలుపుకొని వచ్చిన. వెనుక సీట్ల చెద్దరి పరిచిన, మామ కాళ్లు చాపుకోవచ్చు. పట్టున్రి, తీస్కపోదాం.”

శంకరవ్వ కోడలి చేతిలోని తాళంచెవిని చూసింది. తర్వాత ఆమె మట్టి పాదాలను చూసింది.

“నువ్వెందుకు మలిపినవ్? నీకు వస్తదా?”

కావ్య నరేశ్ దిక్కు చూసింది. అతను తల ఎత్తలేదు. ఆమెకు ఏదో అర్థమైంది, ఏదో కాలేదు.

“ఇంకా చెప్పలేదా నువ్వు?”

“ఊకో కావ్యా.”

“ఎన్ని దినాలని ఊకోవాలె? పొద్దటిసంది దారి పొడుగునా ఏమన్నవ్? పోంగనే అవ్వకు చెప్పేస్త అన్నవ్.”

“ఊకో అంటున్న.”

“ఏంది చెప్పేది?” శంకరవ్వ ముందుకు వచ్చింది. “కడుపుతోనున్నవా ఏంది?”

“అయ్యో, గా ముచ్చట గాదు అత్తమ్మా.” కావ్యకు అంత గొడవలోనూ నవ్వొచ్చింది, వెంటనే పోయింది. “బట్టల షాపు లేదు, ఏమీ లేదు. నేను సేల్స్‌గర్ల్‌ను గాదు. పొద్దుగాల ఆయన నన్ను షాపు కాడ దింపుతుండు అనుకుంటరు గదా మీరు? మన సందు మలుపు దాటంగనే సీటు మారుతం. నేనే తోల్త. బడి పిల్లలను దింపుత, కంటి దవాఖానకు పొయ్యే పెద్దమనుషులను తీస్కపోత. ఆయన పక్కకు కూసోని ఫోన్లు మాట్లాడుతడు.”

“ఎప్పటిసంది?”

“ఆయన లేచి తిరిగినప్పటిసంది. స్టీరింగు మీద చెయ్యి పెట్టంగనే వణుకుడు షురూ అయితది. ఒకపారి తాళంచెవి తిప్పి ఇంజను చాలు చేసి అట్లనే ఏడ్చిండు. మీకు తెలిస్తే పరేషాన్ అయితరని చెప్పద్దన్నడు. ఇయ్యాల కరీంనగర్‌కెల్లి ఈ గుట్టల దాక నేనే తోలుకొచ్చిన. ఆయన మీ దగ్గరికి ఉరికిండు, నేను కారు మలిపేటానికి పోయిన. గింతే.”

శంకరవ్వ స్తంభం పట్టుకున్నది. ఇందాక పట్టుకున్న పట్టు కాదది.

లోపల దేవదాస్ కోడలి మాటలు విన్నాడు. కావ్య గొంతు సన్నగా, స్పష్టంగా ఉంటుంది. ఇంట్లో ఆయనకు బాగా వినబడేది ఆమె మాటే. ఎండిన గొంతుతో పకపకా నవ్వాడు.

“కోడలు డ్రైవరు, కొడుకు క్లీనరు! మంచిగనే ఉన్నదే మన సంసారం!”

ఆయన నవ్వించాలనే అన్నాడు. ఆ మాట వరండాలో ఉన్న నర్సు విన్నది, డాక్టర్ విన్నాడు, మందుల కోసం నిలబడ్డ ఇద్దరు ముగ్గురు విన్నారు. ఒకడు నవ్వాడు కూడా.

నరేశ్ లేచాడు. ముఖంలో రక్తం లేదు. ఎవరి వైపూ చూడకుండా గేటు దిక్కు నడిచాడు.

ఆసిఫాబాద్ నుంచి ఆదిలాబాద్ పోయే బస్సు అప్పుడే వచ్చి రావిచెట్టు కింద ఆగింది. బుట్టలు పట్టుకొని ఆదివాసీ స్త్రీలు ముందు తలుపు దగ్గర గుమిగూడారు.

“ఏడికి?” కావ్య కేకేసింది.

“మీరు కార్ల పోండ్రి. నేను బస్సుల వస్త.”

“నీకేమన్న పిచ్చా? మామను పట్టుకునేటానికి ఎవలున్నరు?”

“అవ్వున్నది గదా. నువ్వు తోల్తే ఆమెకు భయం లేదు.”

వెనుక తలుపు పట్టుకొని ఎక్కేశాడు.

డాక్టర్, నర్సు, కావ్య కలిసి దేవదాస్‌ను మెల్లగా నడిపించి కారు వెనుక సీట్లో పడుకోబెట్టారు. సెలైన్ సీసా కిటికీ పైన కొక్కేనికి తగిలించారు. డాక్టర్ చీటీ రాసి కావ్య చేతిలో పెట్టాడు. మధ్యమధ్య నీళ్లు తాగించమని, చిగుళ్ల నుంచి రక్తం వస్తే ఎక్కడా ఆగవద్దని చెప్పాడు. శంకరవ్వ కారు తలుపు దాకా వచ్చింది. ఒక కాలు లోపల పెట్టడానికి ఎత్తింది. కళ్లు మాత్రం బస్సు కిటికీల మీద ఉన్నాయి.

“ఏమే, చూస్తవేంది?” అన్నాడు దేవదాస్. “నేను కోడలితోని పోత. నువ్వు వాని ఎంబడి పో.”

“ఇంతసేపు నేను లేంది పోనన్నవ్.”

“ఇంతసేపు వాడు బస్సెక్కలే.”

ఆమె ఒక్క క్షణం భర్త కాలి బొటనవేలు పట్టుకొని వదిలింది. కొంగు దోపుకొని ఉరికింది. బస్సు కదిలింది. కండక్టర్ తలుపులోంచి వంగి చూసి గంట కొట్టాడు.

“ఓ అవ్వా, గంత ఉరుకుడెందుకు? పడ్తవు! ఎక్కు, ఎక్కు.”

బస్సు కిక్కిరిసి ఉన్నది. ముందంతా ఆడవాళ్లు. శంకరవ్వ ఆధార్ కార్డు చూపించి ఆదిలాబాద్ అన్నది. కండక్టర్ ఆమెకు ఆడవాళ్లకిచ్చే పైసల్లేని ఉత్త టికెట్ చింపి ఇచ్చాడు. ఇన్ని రోజులు ఆ టికెట్ చేతికి వచ్చిన ప్రతిసారీ దేవదాస్ ఒకటే మాట అనేవాడు: “నీకు ఫుకట్, నాకు పైసలు. అంటే నీకు మిగిలిన పైసలతోని నన్ను తిప్పుతున్నది నువ్వే.” ఆమె ప్రతిసారీ నవ్వేది.

మర్లవాయి దారి దగ్గర కొందరు దిగితే సీట్లు ఖాళీ అయ్యాయి. వెనుక రాడ్డు పట్టుకొని నిలబడ్డ కొడుకును పిలిచింది.

“నరేశ్. వచ్చి కూసో.”

అతను రాలేదు.

“నలుగురు చూస్తున్నరు. వచ్చి కూసో బిడ్డా.”

వచ్చాడు. ఆమె పక్కన సీటు అంచు మీద, దిగిపోయేవాడిలాగా కూర్చున్నాడు. ముందు సీటు రాడ్డు పట్టుకున్నాడు.

కొంతసేపటికి వాళ్ల తెల్లకారు వెనుక నుంచి వచ్చి, తిన్నని చోట చూసి, సన్నగా హారన్ కొట్టి బస్సును దాటిపోయింది. కిటికీలోంచి శంకరవ్వకు కోడలి చేతులు ఒక్క క్షణం కనిపించాయి. గాజులు పైకి తోసుకొని ఉన్నాయి.

“మంచిగ తోల్తుంది,” అన్నది.

“నేనే నేర్పిన.”

వానలు వెళ్లిపోయి గుట్టలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. వాలులో పత్తిచేన్లు అక్కడక్కడ తెల్లబడుతున్నాయి. మొన్న ఇదే దారిలో వచ్చేటప్పుడు దేవదాస్ కిటికీ దగ్గర కూర్చొని, ఇది ఏ ఊరు, అది ఏ వాగు అని పక్కవాళ్లను పీక్కుతిన్నాడు. జ్వరం అప్పటికే ఉన్నదేమో. ఆయన చెప్పలేదు. ఈ ఇంట్లో ఎవరు ఏది సరిగ్గా చెప్పారు గనుక.

ముందు మలుపు వచ్చింది. బస్సు ఒరిగింది. శంకరవ్వకు కొడుకు కుడికాలు కనిపించింది. లేని బ్రేకును తొక్కుతున్నట్టు మడమ నేలకు అదిమి, మునివేళ్లు బిగించి ఉన్నాడు. ఇంకో మలుపు. మళ్లీ తొక్కాడు.

ఆమె తన కాళ్ల దిక్కు చూసుకున్నది. ఆమె కాలు కూడా అట్లాగే నేలకు అదిమి ఉన్నది.

“నీకు కూడా కనవడతదా?” అని అడిగింది. “కల్వర్టు?”

“కన్ను మూస్తె గదే.”

“నాకు కూడా.”

“మరి నాకు చెప్పకపోతివి?”

“నువ్వు చెప్పినవా?”

నరేశ్ రాడ్డు మీద తల ఆనించాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

“బాసర అయినంక ఎందుకు ఇంకా తిరిగినవ్ అవ్వా? ఇంటికి రావాల్సింది గదా.”

“ఇంటికొస్తే నువ్వు కారు తీస్తవ్. ఎక్కు అంటవ్. ఏం చెప్పాలె నీకు? బస్సుల ఉంటే చెప్పే పనే లేదు. ఒక ఊరు అయినంక ఇంకో ఊరి పేరు రాసుంటది బోర్డు మీద. ఎక్కి కూసునుడే.” కొంగుతో ముఖం తుడుచుకున్నది. “ఉత్తగనే చెప్తున్న అనుకోకు, మంచిగనే అనిపించింది కూడా. కుంటాల కాడ నీళ్లు దుంకుతుంటే మీ బాపు పిలగాని లెక్క కేకలేసిండు. సాంచాల కాడ ముప్పై ఏండ్లు నిలవడ్డడు, ఒక్కనాడన్న గట్ల కేకెయ్యలే. ఇంకో ఊరు చూద్దామే అన్నడు. సరే అన్న. దేవుని పేరు పెట్టి నేను తిరిగిన.”

“తిరిగితే తప్పేంది?”

“దేవుని పేరు మీద అబద్ధమాడిన గదా. గందుకే బాపుకు జ్వరమచ్చిందా అని...”

“దోమ కుట్టిందవ్వా.”

“గా దోమకు ఎవలు చెప్పిన్రు?”

నరేశ్‌కు ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది. అంగీ తడిసి ఉన్నది.

అప్పుడే అతని ఫోను మోగింది. కావ్య. ఆమె గొంతు ఎంత పెద్దగా వస్తున్నదంటే ముందు సీటు ఆడమనిషి కూడా వెనక్కు తిరిగింది.

“ఏడున్నరు మీరు? ఉట్నూరు బస్టాండు ముందట ఆపిన నేను. మామ సెలైన్ పీకేసుకొని, వెనుక సీటుకెల్లి దిగి, ముందటికి వచ్చి కూసున్నడు!”

“ఎందుకు?”

“ఈడికెల్లి నువ్వు తోల్తెనే కదులుతడట. బెల్టు కూడా పెట్టుకున్నడు. నేను కారు చాలు చేస్తే తలుపు తీసి కాలు కింద పెడుతుండు. నా మాట వింటలేడు. ఒళ్లు కాలిపోతుంది, చిగుళ్ల కాడ ఎర్రగ కనవడుతుంది. నాకు భయమైతుంది. జల్దీ రా.”

“బాపుకు ఫోనియ్యి.”

“ఇచ్చిన. నాకు ఇనవడదు అంటుండు.”

ఫోను పట్టుకున్న చెయ్యి వణకడం మొదలుపెట్టింది. నరేశ్ దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాడు. ఆ చెయ్యి కూడా ఆగలేదు.

“బాపుకు పిచ్చి లేసింది,” అన్నాడు. “అవ్వా, నువ్వు చెప్పు. నువ్వు చెప్తే ఇంటడు. కావ్య తోల్తది, నువ్వు వెనుక కూసోని పట్టుకో. నేను ఈ బస్సుల్నే వస్త. చెప్పవ్వా.”

శంకరవ్వ చెప్తే ఆయన వింటాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పొద్దున్నుంచి ఆమె కోసమే మొండిపట్టు పట్టినవాడు, ఆమె ఒక్క మాట అంటే వెనుక సీట్లోకి పోయి పడుకుంటాడు. ఆయన ప్రాణం కన్న ఎక్కువైనది ఈ బస్సులో గాని ఆ కారులో గాని ఏమీ లేదు. చెప్పాలి. చెప్పడమే తెలివి.

బస్సు ఉట్నూరులోకి వచ్చింది. రోడ్డు పక్కన తెల్లకారు. ముందు సీట్లో దేవదాస్ బెల్టు పెట్టుకొని, నిటారుగా, బొమ్మలాగా కూర్చొని ఉన్నాడు. పక్కన డ్రైవర్ సీటు ఖాళీ. బయట కావ్య తాళంచెవి పట్టుకొని ప్రతి బస్సునూ చూస్తున్నది.

శంకరవ్వ లేచింది.

“అవ్వా, ఆదిలాబాద్ ఇంకా మస్తు దూరమున్నది,” అన్నాడు కండక్టర్.

“ఎరికే బిడ్డా. ఈడ దిగుతం.”

ఆమె దిగుతాను అనలేదు. దిగుతం అన్నది. నరేశ్ విన్నాడు. రాడ్డు వదల్లేదు.

ఆమె మెట్లు దిగి రోడ్డు దాటింది. కావ్య ఏదో అడుగుతున్నా ఆగలేదు. భర్త దగ్గర ఒక్క క్షణమే ఆగింది. కిటికీలోంచి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, ఆ వేడికి చెయ్యి వెనక్కు తీసుకున్నది. తర్వాత కారు చుట్టూ తిరిగి, ఖాళీగా ఉన్న డ్రైవర్ సీటు వెనుక తలుపు తీసింది.

కావ్య నోరు తెరిచి నిలబడ్డది.

“అత్తమ్మా...”

“తాళంచెవి దానికి పెట్టి, నువ్వు ఇటుపక్క వచ్చి కూసో బిడ్డా.”

ఆమె ఎక్కింది. తలుపు తనే లాగి వేసుకున్నది. కళ్లు మూసుకుంటే ఆ కల్వర్టు వస్తుందని, మూయకుండా అద్దంలోంచి బస్సు దిక్కు చూస్తూ కూర్చున్నది. పెదవులు ఏదో దేవుడి పేరు పలుకుతున్నాయి. ఈసారి ఏమీ మొక్కలేదు. ఊరికే పిలిచింది.

బస్సు ఇంకా కదల్లేదు. తలుపు దగ్గర నిలబడి కండక్టర్ లోపలికి అరుస్తున్నాడు.

“ఓ అన్నా, నిన్నే. దిగుతవా, రైట్ అనాల్నా?”